మే నెల పరుగులు: చివరి మనిషి వచ్చేదాకా నీళ్ళ టేబుల్ తీయొద్దు

లాసన్స్‌బే | ఏప్రిల్ 21, రాత్రి 9:05

అందరికీ నమస్కారం. మన క్లబ్ వాళ్ళం వైజాగ్ నేవీ మారథాన్ పేరు చెప్పి చలికాలమంతా బాగా పరిగెత్తాం. మార్చి వచ్చేసరికి గ్రూపు పలచబడింది. ఆదివారం నలభై మంది వచ్చే చోట మొన్న పదకొండు మందిమే ఉన్నాం. ఎండలు కదా, ఎవరినీ తప్పు పట్టడం లేదు. కానీ ఈ రెండు నెలలూ ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకోకపోతే జూలైకి సగం మంది మళ్ళీ రారు. రెండేళ్ళుగా అదే చూస్తున్నాను.

అందుకని మూడు చిన్న పరుగులు అనుకున్నాం. మే రెండో ఆదివారం బీచ్ రోడ్డులో 5 కిలోమీటర్ల అంచనా పరుగు. కోస్టల్ బ్యాటరీ దగ్గర మొదలుపెట్టి పార్క్ హోటల్ వైపు వెళ్ళి, రెండున్నర కిలోమీటర్ల దగ్గర వెనక్కి తిరిగి రావడం. బయల్దేరే ముందు ఎన్ని నిమిషాల్లో వస్తారో చీటీ మీద రాసి ఇస్తారు. వాచీలు, ఫోన్లు సంచిలో వేసేస్తారు. రాసిన టైమ్‌కి ఎవరు దగ్గరగా వస్తే వాళ్ళే గెలిచినట్టు. 24 నిమిషాల మనిషైనా, 50 నిమిషాల మనిషైనా అవకాశం ఒకటే.

మే నాలుగో ఆదివారం ఇసుకలో రిలే, జట్టుకి నలుగురు. జూన్ రెండో ఆదివారం కైలాసగిరి ఎక్కడం. ప్రతి పరుగయ్యాకా టిఫిన్ కలిసే తిందాం. జూన్ చివర్లో అరకు. సూచనలు చెప్పండి.

శివాజీపాలెం | ఏప్రిల్ 21, రాత్రి 9:40

అన్నా, ప్లాన్ బాగుంది. ఒక్క మాట. వాచీలు తీసేసే పరుగు సరదాకి సరే, కనీసం ఒక్కదానికైనా సరైన టైమింగ్ పెట్టండి. ఆగస్టులో హైదరాబాద్ మారథాన్‌కి హాఫ్ (21 కిలోమీటర్లు) రిజిస్టర్ చేసుకున్నాం నలుగురం. ఎక్కడ ఉన్నామో తెలియాలి కదా. టైమ్ లెక్కపెట్టే చిప్ అద్దెకి తెచ్చుకోవచ్చు, తలా కొంత వేసుకుందాం. మొదటి ముగ్గురికి చిన్న బహుమతి ఉన్నా ఊపు వస్తుంది.

ఎంవీపీ సెక్టార్ 6 | ఏప్రిల్ 21, రాత్రి 11:18

ఇది రాయాలా వద్దా అని ఏడాదిగా అనుకుంటున్నాను. ఈ రోజు రాసేస్తాను.

పోయిన మే నెల 10 కిలోమీటర్ల పరుగుకి నేనూ వచ్చాను. నా జీవితంలో మొదటి పది. 43 ఏళ్ళు నాకు, రెండో బాబు పుట్టాక పెరిగిన బరువు తగ్గించుకోవాలని నడక మొదలుపెట్టి, నడక నుంచి పరుగులోకి వచ్చినదాన్ని. వెళ్ళేటప్పుడు బాగానే ఉంది. వెనక్కి వచ్చేటప్పటికి ఏడు దాటింది. సూర్యుడు ఎడమ చెంప మీద నేరుగా కొడుతున్నాడు, సముద్రం మీద నుంచి ఆ వెలుగు మళ్ళీ కళ్ళలోకి. సీసాలో నీళ్ళు అయిపోయాయి. సబ్‌మెరైన్ మ్యూజియం దగ్గర నీళ్ళ టేబుల్ ఉంటుందని వెళ్ళేటప్పుడే చూసి పెట్టుకున్నాను. అదిగో, అక్కడిదాకా, అక్కడిదాకా అనుకుంటూ వచ్చాను. వచ్చి చూస్తే టేబుల్ లేదు. ఫుట్‌పాత్ మీద తడి గుండ్రాలు నాలుగు ఉన్నాయి, క్యాన్లు పెట్టిన చోట. అవి కూడా ఆరిపోతున్నాయి.

ఒక కొబ్బరిబోండాల ఆయన నా మొహం చూసి, అడక్కుండానే బోండాం కొట్టి చేతికిచ్చాడు. డబ్బులు లేవు బాబూ, ఫోన్ కూడా తేలేదన్నాను. రేపివ్వమ్మా అన్నాడు. అక్కడే గట్టు మీద కూర్చుని తాగాను. కాళీమాత గుడి దాటి చివరికి వెళ్ళేసరికి బ్యానర్ కూడా చుట్టేశారు. అందరూ టిఫిన్‌కి వెళ్ళిపోయారు. నేను పది కిలోమీటర్లు పూర్తి చేశానని చూసినవాళ్ళు ఒక్కరూ లేరు.

ఎవరి మీదా కోపం లేదు. కానీ ఆ తర్వాత నేను ఆదివారాలు రావడం ఎందుకు మానేశానో ఎవరూ అడగలేదు కాబట్టి చెప్తున్నాను. బహుమతులు ఇవ్వండి, చిప్‌లు పెట్టండి, నాకేం అభ్యంతరం లేదు. చివర వచ్చే మనిషి దాకా నీళ్ళు ఉంచండి.

లాసన్స్‌బే | ఏప్రిల్ 22, ఉదయం 5:50

మేడమ్, పొద్దున్నే లేచి ఇది చదివాను. ఆ రోజు టేబుల్ తీయమన్నది నేనే. ఎండ పెరుగుతోంది, వాలంటీర్లు పిల్లలు, వాళ్ళని పంపించేద్దాం అనుకున్నాను. వెనక ఇంకెవరైనా ఉన్నారా అని అడిగితే ఎవరో లేరన్నారు. చొక్కాకి తగిలించే బిబ్ నంబర్లు లెక్కపెట్టి ఉంటే రెండు నిమిషాల్లో తెలిసేది. పెట్టలేదు. క్షమించండి.

ఈసారి వెళ్ళినవాళ్ళు ఎందరు, వచ్చినవాళ్ళు ఎందరు అన్నది పుస్తకంలో టిక్ పెట్టి సరిపోల్చాకే టేబుల్ కదులుతుంది. అందరి వెనకా ఒక స్వీపర్, అంటే ఆఖరి మనిషితో పాటు వచ్చేవారు, నడుస్తారు. మొదటి పరుగుకి ఆ స్వీపర్‌ని నేనే.

దొండపర్తి డాక్టర్ | ఏప్రిల్ 22, మధ్యాహ్నం 2:15

ఓపీ అయ్యాక చూశాను. మేడమ్ గారు రాసినది మర్యాదకి సంబంధించిన విషయమే కాదు, వైద్యానికి సంబంధించినది కూడా. ఎండాకాలం పరుగులో ఎక్కువ సేపు ఎండలో ఉండేది వెనక ఉన్నవాళ్ళే. ముందు వచ్చేవాళ్ళు ఆరింటికల్లా నీడకి చేరిపోతారు. అంటే నీళ్ళ అవసరం, మనుషుల అవసరం వెనకవాళ్ళకే ఎక్కువ. మనం సరిగ్గా తలకిందులుగా ఏర్పాట్లు చేస్తున్నాం.

మన ఊరి సంగతి వేరు. థర్మామీటర్ 33 చూపిస్తుంటే పర్లేదనుకుంటాం. చెమట ఆరితేనే ఒళ్ళు చల్లబడుతుంది. ఇక్కడ గాలిలో తేమ వల్ల ఆరదు, కారిపోతుంది. గుండె ఒకవైపు కండరాలకి, ఇంకోవైపు చల్లబరచడానికి చర్మానికి రక్తం పంపాలి. అందుకే జనవరిలో ఆరు నిమిషాలకి కొట్టిన కిలోమీటరు మేలో అదే ఆయాసంతో ఆరున్నర, ఏడు పడుతుంది. ఫిట్‌నెస్ పోయిందని టెన్షన్ పడక్కర్లేదు. ఎండకి ఒళ్ళు అలవాటు పడటానికి పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది, ఆ రోజుల్లో దూరం తగ్గించండి.

అందరూ గుర్తుపెట్టుకోవాల్సినది వడదెబ్బ. పరుగులో ఎవరైనా తూలుతున్నా, పొంతన లేకుండా మాట్లాడుతున్నా, మీ పేరేంటంటే తడబడినా, అది అలసట అనుకుని కూర్చోబెట్టకండి. ఒంటి లోపలి వేడి 40 డిగ్రీలు దాటి ఉండొచ్చు. చెమట పడుతోంది కదా వడదెబ్బ కాదులే అనుకోవద్దు, పరిగెత్తేవాళ్ళలో చెమట పడుతూనే వడదెబ్బ వస్తుంది. 108కి ఒకరు ఫోన్ చేస్తుండగానే మిగతావాళ్ళు చల్లబరచడం మొదలుపెట్టాలి. అంబులెన్స్ వచ్చేదాకా ఆగకూడదు. ఐస్ నీళ్ళలో ముంచిన దుప్పట్లు ఒంటి నిండా కప్పి, వేడెక్కగానే మారుస్తూ ఉండాలి. స్పృహ సరిగ్గా లేని మనిషి నోట్లో నీళ్ళు పోయకండి. రెండు పెద్ద ఐస్ బాక్సులు, నాలుగు పాత దుప్పట్లు నేను తెస్తాను.

ఇక ఓఆర్‌ఎస్. ప్యాకెట్ మీద లీటరు అని ఉంటే లీటరులోనే మొత్తం కలపాలి, అర ప్యాకెట్ ఒక గ్లాసులో వేసుకోవద్దు. ఇంట్లో అయితే లీటరు నీళ్ళకి ఆరు చిన్న చెంచాల పంచదార, అర చిన్న చెంచా ఉప్పు. ఆ పేరుతో అమ్మిన తియ్యటి డబ్బా జ్యూసులు వేరు. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు ఏళ్ళ తరబడి పోరాడితే 2025 అక్టోబరులో ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ పేరు అలా వాడకూడదని ఆదేశాలిచ్చింది. దాహం వేసినప్పుడు తాగండి. భయంతో లీటర్లకి లీటర్లు ఉత్త నీళ్ళు తాగితే రక్తంలో సోడియం పడిపోతుంది, అదీ ప్రమాదమే.

బీపీ మాత్రలు వాడేవాళ్ళు, ముఖ్యంగా మూత్రం ఎక్కువ పోయే మాత్రలు వేసుకునేవాళ్ళు, ముందు మీ డాక్టర్ని అడిగి రండి. నొప్పి మాత్ర వేసుకుని మాత్రం పరుగుకి రావద్దు.

శివాజీపాలెం | ఏప్రిల్ 22, సాయంత్రం 6:30

అక్కా, (సెక్టార్ 6 అక్కా) ఆ రోజు నేను మూడోవాడిగా వచ్చి టిఫిన్ సెంటర్లో ముందు కూర్చున్నాను. మీరు ఇంకా రోడ్డు మీద ఉన్నారని తెలియదు. తెలుసుకోలేదు అనాలి.

నా ఆలోచన ఇది. మా వేగంవాళ్ళం ఎనిమిది మందిమి ఉంటాం. మేము ఐదింటికే బయల్దేరిపోతాం, 25 నిమిషాల్లోపు వచ్చేస్తాం. వచ్చాక నీళ్ళ టేబుళ్ళు మేమే చూసుకుంటాం. పిల్లలని వాలంటీర్లుగా పెట్టక్కర్లేదు. చిప్ సంగతి పక్కన పెట్టండి, మాలో ఒకరు స్టాప్‌వాచ్ పట్టుకుంటే చాలు.

మాధవధార మాస్టారు | ఏప్రిల్ 22, రాత్రి 8:10

శివాజీపాలెం బాబు మాట నాకు చాలా నచ్చింది. నాకు 67. మే నెలలో మన దగ్గర ఐదున్నరకల్లా సూర్యుడు పైకొస్తాడు కాబట్టి ఐదు గంటల స్టార్ట్ సరైనదే. అయితే ఐదింటికి బీచ్ రోడ్డులో ఉండాలంటే గాజువాక, పెందుర్తి నుంచి వచ్చే ఆడపిల్లలు నాలుగింటికి ఇల్లు వదలాలి. ఆ టైమ్‌లో ఒంటరిగా ఆటో ఎక్కమనడం బాగోదు. కారున్నవాళ్ళు దారిలో ఎవరిని ఎక్కించుకోగలరో ముందు రోజే రాసుకుంటే మంచిది. నాది చిన్న కారు. మాధవధార, మురళీనగర్, కంచరపాలెం వైపు ముగ్గురికి చోటుంది.

ఇంకొకటి. ఆషాఢ పౌర్ణమికి ముందు రోజు సింహాచలం గిరి ప్రదక్షిణ కూడా మన ప్లాన్లో రాయండి. కొండ కింద తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి, అడవివరం, ముడసర్లోవ, హనుమంతవాక, అప్పుఘర్, మాధవధార, గోపాలపట్నం మీదుగా కొండ చుట్టూ 32 కిలోమీటర్లు. నేను పాతికేళ్ళుగా నడుస్తున్నాను. అక్కడ స్టాప్‌వాచ్ ఉండదు, కటాఫ్ ఉండదు. తెల్లవారుజామున మూడింటికి గోపాలపట్నంలో కాళ్ళీడ్చుకుంటూ వచ్చే ముసలమ్మకి కూడా రోడ్డు పక్కన ఎవరో ఒకరు పులిహోర, మజ్జిగ పట్టుకుని నిలబడే ఉంటారు. మా ఇంటి ముందు మేమూ ఏటా పోస్తాం, ఆఖరి మనిషి వెళ్ళేదాకా. మన క్లబ్ తరఫున కూడా ఒక మజ్జిగ పందిరి వేద్దాం. నడిచేవాళ్ళు నడుస్తారు, మిగతావాళ్ళు పోస్తారు.

కేబీఆర్ నుంచి | ఏప్రిల్ 22, రాత్రి 10:02

నేను మన వైజాగ్ వాడినే, ఉద్యోగం కోసం హైదరాబాద్ వచ్చి నాలుగేళ్ళు. హైదరాబాద్ మారథాన్‌కి వచ్చే తమ్ముళ్ళకి ఒక మాట. ఇక్కడి రోడ్డు మన బీచ్ రోడ్డులా చదునుగా ఉండదు. నెక్లెస్ రోడ్డు దాటాక ఫ్లైఓవర్లు ఒకటి తర్వాత ఒకటి వస్తూనే ఉంటాయి. ఎక్కడం కన్నా దిగడమే తొడలని తినేస్తుంది. కైలాసగిరి పరుగులో పైదాకా వెళ్ళి ఆగిపోకండి, రోడ్డు మీదుగా మెల్లగా దిగడం కూడా ప్రాక్టీస్ చేయండి.

మేలో ఇక్కడ పొడి వేడి. చెమట పట్టినట్టే తెలియదు, చొక్కా మీద తెల్లటి ఉప్పు చారలు కనిపిస్తాయి. నాకైతే మన ఊరి జిడ్డు చెమటే గుర్తొస్తుంది. జూన్లో సెలవు పెట్టి అరకు ట్రిప్పుకి వస్తాను, ఒక సీటు ఉంచండి.

పెదజాలరిపేట | ఏప్రిల్ 23, ఉదయం 10:25

ఇసుక రిలే అన్నారు కాబట్టి నేను చెప్పాలి. క్యాలెండర్ చూసి ఆదివారం అని రాసేస్తే కుదరదండీ, ఆ ఆదివారం పోటు ఎప్పుడో, ఆటు ఎప్పుడో చూడాలి. రోజుకి ముప్పావు గంట పైనే ఆలస్యమవుతుంది. పోటు మీద ఉన్నప్పుడు పెడితే మీకు మిగిలేది పైనున్న పొడి ఇసుక, చీలమండ మెలిక పడుతుంది. నీళ్ళు బాగా వెనక్కి తగ్గినప్పుడు తడి ఇసుక గట్టిగా రోడ్డులా ఉంటుంది. అడుగు వేస్తే ముద్ర పడాలి, ముద్రలో నీళ్ళు ఊరకూడదు. అదీ పరిగెత్తే ఇసుక. ఒడ్డు వాలుగా ఉంటుంది కాబట్టి ఒకే వైపు పరిగెత్తితే ఒక మోకాలికే దెబ్బ. వెళ్ళిన దారినే తిరిగొచ్చేలా పెట్టండి. తేదీ నాకు వదిలేయండి, మా నాన్నని అడిగి చెప్తాను.

రెండో మాట, లైట్లు. తాబేళ్ళు ఫిబ్రవరి, మార్చిలో పెట్టిన గుడ్లు యాభై రోజులు అటూ ఇటూ అయ్యాక పొదుగుతాయి. మే నెలలో కూడా పిల్లలు బయటికొస్తుంటాయి. అవి వెలుగు చూసి సముద్రం అటుందనుకుంటాయి. చీకట్లో మీరు తలకి లైట్లు కట్టుకుని ఒడ్డున తిరిగితే దారి తప్పి రోడ్డెక్కుతాయి. తెల్లారాకే ఇసుకలోకి దిగుదాం. ఒకసారి నా అరచేతిలో పెట్టుకున్నాను ఒకదాన్ని, రూపాయి బిళ్ళకన్నా కాస్త పెద్దది, నాలుగు కాళ్ళూ ఆగకుండా ఈదుతూనే ఉంది గాలిలో.

మూడోది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్లకి వేట నిషేధం. మా పేటలో చాలామంది ఇంటి దగ్గరే ఉంటారు, పిల్లలకి సెలవులు. రిలేలో పిల్లలకి కూడా ఒక పరుగు పెట్టండి. కానీ షూ తప్పనిసరి అని రాయకండి. పోయినసారి ఇంకో చోట జరిగిన పరుగులో మా తమ్ముడి కొడుకుని షూ లేవని గీత దగ్గర నుంచి వెనక్కి పంపారు. పన్నెండేళ్ళ వాడు. ఇసుకలో వాడికన్నా బాగా పరిగెత్తేవాడు ఆ రోజు అక్కడ లేడు. వాడు ఏడవలేదు, ఇంటికొచ్చి రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు.

పరుగయ్యాక ఎవరూ స్నానానికి దిగొద్దు. ఒళ్ళు అలిసి ఉంటుంది, మన దగ్గర లోపలికి లాగే కెరటం పైకి కనిపించదు. నేను, మా అన్నదమ్ములు ఇద్దరం ఒడ్డున నిలబడతాం.

లాసన్స్‌బే | ఏప్రిల్ 23, మధ్యాహ్నం 1:00

ఇసుక రిలే తేదీ, చోటు మీరే ఖాయం చేయండి. పిల్లల పరుగు ఉంటుంది. షూ మాట ఎక్కడా రాయం. మీ తమ్ముడి కొడుకుని మొదటి పేరుగా ఇప్పుడే రాసుకున్నాను.

దొండపర్తి డాక్టర్ | ఏప్రిల్ 23, మధ్యాహ్నం 1:30

ఇసుక తెల్లారాక అంటే ఎండ ఎక్కుతుంది కాబట్టి పిల్లల పరుగు ముందు, పెద్దల రిలే తర్వాత పెట్టండి. ఏడున్నర దాటకూడదు.

ఎంవీపీ సెక్టార్ 6 | ఏప్రిల్ 23, రాత్రి 9:15

మొన్న రాసేటప్పుడు చేతులు వణికాయి. ఇంతమంది ఇంత ఓపికగా చదువుతారని అనుకోలేదు. అందరికీ థాంక్స్.

టిఫిన్ గురించి నాది ఒక సూచన. హోటల్‌కి వెళ్తే ముందు వచ్చినవాళ్ళు ముందు తినేసి వెళ్ళిపోతారు, వెనకవాళ్ళు వచ్చేసరికి ఖాళీ ప్లేట్లు. ఒడ్డునే పెట్టుకుంటే అందరూ అక్కడే ఉంటారు. నేను చోడంబలి (రాగి అంబలి) చేసి తెస్తాను. మా అమ్మమ్మది చోడవరం దగ్గర పల్లె, ఎండాకాలం పొలం వెళ్ళే ముందు అదే తాగేవారు. చోడి పిండి రాత్రే నీళ్ళలో కలిపి ఉంచితే పొద్దుటికి కాస్త పులుస్తుంది. నూకలు మెత్తగా ఉడికాక అందులో పోసి, అడుగంటకుండా తిప్పుతూ కాచి, చల్లారాక మజ్జిగ కలపాలి. ఉప్పు, పచ్చి ఉల్లిపాయ. పరుగయ్యాక కడుపులో ఏదీ పట్టని వాళ్ళకి కూడా ఇది దిగుతుంది. డాక్టర్ గారూ, పర్వాలేదు కదా?

దొండపర్తి డాక్టర్ | ఏప్రిల్ 23, రాత్రి 9:32

పర్వాలేదా అని అడుగుతారేంటండీ. ఉప్పు, నీళ్ళు, పిండిపదార్థం మూడూ ఉన్నాయి. నాకు రెండు గ్లాసులు.

మాధవధార మాస్టారు | ఏప్రిల్ 23, రాత్రి 9:50

ఆనందపురం నుంచి ముంజలు తెప్పిస్తాను. మా తమ్ముడు అటే ఉంటాడు.

కేబీఆర్ నుంచి | ఏప్రిల్ 24, ఉదయం 7:20

అరకు రైలేనా, బస్సా?

లాసన్స్‌బే | ఏప్రిల్ 24, ఉదయం 7:45

రైలే. కిరండూల్ వైపు వెళ్ళేది, పొద్దున్నే. సొరంగాలు వచ్చినప్పుడల్లా పిల్లల కేకలు వినకుండా అరకు వెళ్ళడం ఎందుకు? అక్కడ 900 మీటర్ల ఎత్తు, జూన్ చివరికి వానలు పడి చల్లగా ఉంటుంది. కాఫీ తోటల పక్కన మెల్లగా ఓ గంట పరుగు, మధ్యాహ్నం బొంగు చికెన్, సాయంత్రం వెనక్కి. కుటుంబాలతో రండి. టిక్కెట్ల కోసం పేర్లు మే 15లోపు ఇవ్వండి.

శివాజీపాలెం | మే రెండో శనివారం, సాయంత్రం 5:10

రేపటికి 58 మంది పేర్లు ఇచ్చారు. బిబ్‌లు రాసేశాను. పుస్తకంలో గళ్ళు గీశాను, వెళ్ళేటప్పుడు ఒక టిక్, వచ్చాక ఒక టిక్. కార్లలో ఎవరు ఎవరితో వస్తున్నారో లిస్ట్ గ్రూపులో పెట్టాను. గాజువాక వైపు ఇంకా ఇద్దరికి చోటు దొరకలేదు, ఎవరైనా చూడండి.

సబ్‌మెరైన్ దగ్గర టేబుల్ నాది.

దొండపర్తి డాక్టర్ | మే రెండో శనివారం, సాయంత్రం 5:40

గాజువాక ఇద్దరినీ మా ఆయన ఎక్కించుకుని వస్తారు. ఐస్ చెప్పాను, నాలుగున్నరకి వస్తుంది.

ఎంవీపీ సెక్టార్ 6 | మే రెండో శనివారం, రాత్రి 9:30

పిండి కలిపేశాను. అరవై మందికి పెద్ద బిందెలో కాస్తున్నాను, నేనూ మా వారూ ఇద్దరమే ఎత్తలేం. నాలుగుంపావుకి మా వీధి చివర రామాలయం దగ్గరికి ఇద్దరు వస్తే చాలు. బోండాల ఆయన్ని కూడా రేపు అంబలి తాగడానికి రమ్మని చెప్పి వచ్చాను.

నా చీటీ ఇప్పుడే చెప్తున్నాను: 52 నిమిషాలు.

శివాజీపాలెం | మే రెండో శనివారం, రాత్రి 9:34

బిందెకి నేను వస్తానక్కా, మా రూమ్మేట్‌ని కూడా లేపి తీసుకొస్తాను. నాలుగుంపావు, రామాలయం.